నగర వీధుల్లో కార్ల రేసులు: ఆకర్షణ, ఇబ్బందులు

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కనుంచి సాగే ఎన్.టి.ఆర్. మార్గ్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రోజూ సిటీ బస్సులు, ఆటోలు, స్కూటర్లు తిరిగే రోడ్డు అది. 2023 ఫిబ్రవరి 11న ఆ ప్రాంతపు రోడ్ల మీద విద్యుత్తుతో నడిచే రేసు కార్లు పోటీ పడ్డాయి. ఫార్ములా-ఇ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భాగమైన ఆ రేసులో ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఇలా నగర వీధులనే కొద్ది రోజులపాటు ట్రాకుగా మార్చితే దానిని స్ట్రీట్ సర్క్యూట్ అంటారు.

ప్రత్యేకంగా నిర్మించిన ట్రాకులు ఉండగా వీధుల్లో రేసు ఎందుకు? జనాన్ని ఆకర్షించేది ఏమిటి? దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటి? ఈ విషయాలను ఇప్పుడు పరిశీలిద్దాం.

రోడ్డు మీదే పుట్టిన ఆట

కార్ల పందాలు మొదలైనదే మామూలు రోడ్ల మీద. తొలి రోజుల్లో ఐరోపాలో ఒక ఊరి నుంచి మరో ఊరికి పందెం పెట్టేవారు. 1903లో పారిస్ నుంచి మాడ్రిడ్‌కు జరిగిన పందెంలో పోటీదారులే కాక దారి పక్కన నిలబడి చూస్తున్నవారు కూడా చనిపోయారు. దాంతో ఫ్రాన్సు ప్రభుత్వం పందేన్ని బోర్డో నగరం దగ్గరే నిలిపివేసింది. 1907లో ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనే ట్రాకును కేవలం కార్ల పోటీల కోసమే నిర్మించారు.

అయినా వీధి రేసులు అంతరించలేదు. మొనాకో దేశం మొత్తం వైశాల్యం రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అక్కడ ట్రాకు కట్టడానికి స్థలం లేదు. అందుకే 1929లో ఊరి వీధుల్లోనే మొనాకో గ్రాండ్ ప్రి ప్రారంభించారు. నేడు ఫార్ములా-1 పోటీల్లో అది అత్యంత ప్రసిద్ధమైన రేసుల్లో ఒకటి.

గోడ దగ్గరైతే ఏమవుతుంది?

మామూలు ట్రాకులో మలుపు దాటాక ఖాళీ స్థలం వదులుతారు. డ్రైవరు పొరపాటు చేస్తే కారు ఆ స్థలంలోకి జారుతుంది. కొన్ని సెకన్లు పోతాయి, కారు మళ్ళీ ట్రాకు మీదికి వస్తుంది. వీధిలో ఆ ఖాళీ ఉండదు. రోడ్డు అంచునే ఇనుప కంచె గాని, కాంక్రీటు గోడ గాని ఉంటుంది. అక్కడ పొరపాటంటే చాలాసార్లు రేసు ముగిసినట్టే.

1988లో మొనాకోలో బ్రెజిల్ డ్రైవరు అయిర్టన్ సెన్నా రెండో స్థానంలో ఉన్న కారు కంటే దాదాపు నిమిషం ముందున్నాడు. మరో పన్నెండు చుట్లు తిరిగితే విజయం అతనిదే. ఒక్క మలుపు దగ్గర గురి తప్పి కంచెను తాకాడు. అంతటి ఆధిక్యం క్షణంలో పోయింది. అదే సెన్నా తన జీవితకాలంలో మొనాకోలో ఆరుసార్లు గెలిచాడు. నైపుణ్యానికి ఇంత కఠినమైన పరీక్ష కావడమే ఈ రేసుల మొదటి ఆకర్షణ.

రెండో ఆకర్షణ వేగపు అనుభూతి. మీరు రైలు కిటికీలోంచి చూసినప్పుడు దగ్గరి కరెంటు స్తంభాలు దూసుకుపోతున్నట్టు, దూరపు కొండలు మెల్లగా కదులుతున్నట్టు కనిపిస్తాయి కదా! రైలు వేగం ఒక్కటే. దగ్గరి వస్తువులను బట్టి మన కన్ను వేగాన్ని అంచనా వేస్తుంది. గోడల మధ్య పరుగెత్తే కారు అందుకే మరింత వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది.

మూడోది నగరమే. ప్రేక్షకులు ఊరి చివరికి వెళ్ళనక్కరలేదు, రేసే ఊళ్ళోకి వస్తుంది. 2008లో సింగపూర్ దీపాల వెలుగులో ఫార్ములా-1 చరిత్రలో తొలి రాత్రి రేసు నిర్వహించింది. ఆ రేసుతో పాటు ఆ నగరం కూడా లోకమంతా కనిపించింది.

అదే గోడ తెచ్చే ఇబ్బందులు

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఆకర్షణకు కారణమైన ఇరుకుతనమే ఇబ్బందులకూ మూలం.

మొదటిది, ముందున్న కారును దాటడం కష్టం. నేటి ఫార్ములా-1 కార్లు దాదాపు రెండు మీటర్ల వెడల్పు ఉంటాయి. 2024 మొనాకో రేసులో మొదటి పది స్థానాల్లో బయలుదేరినవారు అదే వరుసలో ముగించారు. ఇక పోటీ ఎక్కడుంది? ఈ విమర్శ వల్లనే 2025లో మొనాకోలో ప్రతి డ్రైవరూ కనీసం రెండుసార్లు టైర్లు మార్చాలని ప్రత్యేక నియమం పెట్టారు.

రెండోది, కారు ఆగిపోతే పక్కకు తీయడానికి చోటుండదు. అప్పుడు సేఫ్టీ కారును పంపి మిగిలినవారందరినీ దాని వెనుక నెమ్మదిగా నడిపిస్తారు. అంతవరకూ సాధించిన ఆధిక్యం కరిగిపోతుంది. 2008 సింగపూర్ రేసులో రెనో జట్టు డ్రైవరు నెల్సన్ పికే జూనియర్ గోడను ఢీకొన్నాడు. సేఫ్టీ కారు వచ్చింది. అంతకు కొంచెం ముందే ఇంధనం నింపుకున్న అతని సహచరుడు ఫెర్నాండో అలోన్సోకు అది కలిసి వచ్చి రేసు గెలిచాడు. ఆ ప్రమాదం కావాలని చేసిందని 2009లో విచారణలో తేలింది. ఇరుకు దారి మోసానికి కూడా దారి ఇవ్వగలదన్నమాట.

మూడోది రోడ్డు. వీధి కింద మురుగు కాలువలు, నీటి గొట్టాలు ఉంటాయి, వాటికి మూతలు ఉంటాయి. రేసు కారు అడుగు భాగంలో గాలి వేగంగా ప్రవహించి అల్పపీడనం ఏర్పడుతుంది. సరిగా బిగించని మూతను అది పైకి లాగగలదు. 2023లో లాస్ వెగాస్‌లో తొలి ప్రాక్టీసు మొదలైన కొద్ది నిమిషాలకే నీటి వాల్వు మూత ఊడి కార్లోస్ సైన్జ్ నడుపుతున్న ఫెరారీని దెబ్బతీసింది. ఆ ప్రాక్టీసు రద్దయింది.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణరక్షణ. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని మీరు చదువుకున్నారు. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. ఆ శక్తినంతా కంచె తట్టుకోవాలి. 1975లో బార్సిలోనాలోని మాంజుయిక్ వీధి ట్రాకులో కంచెలు సరిగా బిగించలేదని డ్రైవర్లు ముందే నిరసన తెలిపారు. అయినా రేసు నడిపారు. ఒక కారు అదుపు తప్పి కంచె దాటడంతో నలుగురు మరణించారు. ఆ తర్వాత అక్కడ ఫార్ములా-1 రేసు మళ్ళీ జరగలేదు.

రోడ్డు ఎవరిది?

మరో ఇబ్బంది టీవీలో కనిపించనిది. రేసు కోసం రోడ్డు మూసినప్పుడు ఆఫీసుకు, ఆసుపత్రికి, దుకాణానికి వెళ్ళేవారు చుట్టూ తిరగాలి. హైదరాబాదులో ట్రాఫిక్‌ను కొన్ని రోజులు మళ్ళించారు. ఒప్పందంపై వివాదం రావడంతో 2024లో అక్కడ జరగవలసిన రేసు రద్దయింది, చెల్లింపుల విషయం దర్యాప్తు వరకూ వెళ్ళింది. చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ తలపెట్టిన రాత్రి రేసుపై మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. తుపాను కారణంగా వాయిదా పడిన ఆ రేసు చివరికి 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగింది.

అలాగని శాశ్వత ట్రాకు కడితే సమస్యలన్నీ తీరుతాయని అనుకోకూడదు. ఢిల్లీ సమీపంలో ఎంతో ఖర్చుతో నిర్మించిన బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు మూడు ఫార్ములా-1 రేసులే జరిగాయి. వీధి ట్రాకుకు అంత భూమి అక్కరలేదు. అది అరువు తెచ్చుకున్న రోడ్డు. అరువుకు ఇచ్చేవారు పౌరులు.

కనుక ఏ నగరంలోనైనా మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. ఆ కారు ఆ వీధికి తగినదేనా? ఫార్ములా-ఇ కార్లు బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీని కొంత నింపుతుంది. శబ్దమూ తక్కువ. మలుపులు ఎక్కువగా ఉన్న వీధులు వాటికి అనువైనవి. ఇక రెండో ప్రశ్న, కంచె, మూత సరిగా లేకపోతే రేసు ఆపే అధికారం తనిఖీ చేసేవారికి నిజంగా ఉందా? మూడోది, ఖర్చెంత, లాభమెంత అన్న లెక్క ప్రజల ముందు పెట్టారా?

చివరిగా మీకు ఒక్క మాట. వీధి రేసులో కంచెలు, అంబులెన్సులు, శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు, ఎదురుగా వాహనాలు రావు. ఇవేవీ లేని రోడ్డు మీద మిత్రులతో బైకు పందెం వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. రేసులో గోడ ఎక్కడుందో డ్రైవరుకు ముందే తెలుసు. మామూలు రోడ్డు మీద మలుపు తిరిగాక ఎదురయ్యేది సైకిలు మీద ఇంటికి వెళ్తున్న మరో విద్యార్థి కావచ్చు.