పోతన భాగవతం - శిథిల భాగాల పూరణ

బమ్మెర పోతన తెనిగించిన ఆంధ్ర మహాభాగవతంలో కొన్ని స్కంధాలు పోతన రచనలు కావు. అయిదవ స్కంధాన్ని బొప్పరాజు గంగన, ఆరవ స్కంధాన్ని ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలను వెలిగందల నారయ రచించారు. పోతన గ్రంథమంతా పూర్తి చేసినా, అది లోకంలో వ్యాపించక ముందే మూలప్రతిలో కొన్ని భాగాలు శిథిలమైనవనీ, వాటిని ఈ ముగ్గురూ పూరించారనీ సంప్రదాయం చెబుతున్నది. ఈ పూరణనే శిథిల పూరణ అంటారు. కవి ఒక రచనను ముగించడానికీ, అది పాఠకుని చేతికి చేరడానికీ మధ్య ఎంత ప్రమాదం పొంచి ఉండేదో తెలుసుకొనడానికి తెలుగులో ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

పోతన 15వ శతాబ్దికి చెందిన కవి. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. స్వగ్రామమైన బమ్మెర నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉన్నది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016లో ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతా వరంగల్లు జిల్లాగా ఉండేది. పోతన కడప జిల్లా ఒంటిమిట్టకు చెందినవాడని చాలాకాలం వాదం నడిచినది. ఆయన చెప్పిన ఏకశిలానగరం ఓరుగల్లే అని నేడు ఎక్కువ మంది అంగీకరిస్తున్నారు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, వాల్మీకి నివసించాడని స్థానికులు నమ్మే వల్మిడి కూడ ఈ మండలంలోనివే.

ఆకు, గంటం, హంసపాదు

పోతన కాలానికి తెలుగునాట కావ్యాలు తాళపత్రాల మీదనే వ్రాసేవారు. తాటాకును గానీ, వెడల్పైన శ్రీతాళపు ఆకును గానీ కోసి, ఆరబెట్టి, నీటిలో ఉడికించి, మళ్ళీ ఆరబెట్టి, నునుపుగా రుద్ది, సమానంగా కత్తిరించేవారు. ఆకుకు రంధ్రం చేసి త్రాడు దూర్చి, పైనా క్రిందా చెక్క పలకలు పెట్టి కట్టేవారు. వ్రాసే సాధనం గంటం. ఇది ఇనుప మొన గల పరికరం. సిరాతో వ్రాసేది కాదు, ఆకును గీరేది. గీసిన తరువాత దీపపు మసిని ఆకుపసరులో కలిపి పూసి తుడిచివేస్తే, మసి గీతలలో నిలిచి అక్షరాలు కనబడతాయి.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. గీచిన అక్షరాన్ని చెరిపివేయడం కుదరదు. తప్పు పడితే కొట్టివేయాలి, లేదా ఆకునే మార్చాలి. నడుమ ఒక మాట విడిచిపోతే ఆ చోట ఒక గుర్తు పెట్టి, విడిచిన మాటను పైననో అంచుననో వ్రాసేవారు. హంస అడుగును పోలి ఉండే ఆ గుర్తే హంసపాదు. మొదటి ఆకులో మొదటి మాటకే ఆ గుర్తు పెట్టవలసి వస్తే అది ఆదిలోనే హంసపాదు. ఆ సామెతను వాడే విద్యార్థులలో చాలా మందికి అది చిత్తుప్రతుల లోకం నుండి వచ్చిన మాట అని తెలియదు.

అందువలన కవులు ఆకు మీద పెట్టడానికి ముందే పద్యాన్ని మనసులో కూర్చుకొనేవారు. మనం చిత్తు అనీ, సాపు అనీ రెండు ప్రతులు వ్రాస్తాము. ఆ కాలంలో చిత్తుప్రతి చాలా వరకు కవి నాలుక మీదనే ఉండేది. దీనికి ఛందస్సు తోడ్పడింది. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదవ అక్షరం యతి. చంపకమాలలో ఇరవై యొక్క అక్షరాలు, పదకొండవది యతి. నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరం ప్రాస. ఈ కట్టుబాట్లను అలంకారంగానో, శిక్షగానో భావించేవారు ఉన్నారు. నిజానికి అవి కాపలాదారులు కూడ. వ్రాయసకాడు ఒక అక్షరం జారవిడిస్తే గణం తప్పుతుంది, ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ఆకు చివర పురుగు తిన్నా యతి ప్రాసల ఆధారంతో పోయిన అక్షరాన్ని పండితుడు ఊహించగలడు. వచనానికి ఈ రక్షణ లేదు. ఒక పంక్తి పోతే పోయినట్లే.

వ్రాతలో పదాల మధ్య ఖాళీ ఉండదు, పద్యపాదాలను విడగొట్టరు, అంతా ఏకధాటిగా సాగుతుంది. చాలా తాళపత్రాల చివర లేఖకుడు ఒక విన్నపం చేస్తాడు. ఈ పుస్తకాన్ని నూనె నుండీ, నీటి నుండీ, వదులు కట్టు నుండీ కాపాడమనీ, తెలివిలేని వాని చేతికి ఇవ్వవద్దనీ దాని సారాంశం. చెదలు, రామబాణపు పురుగు, తేమ, అగ్గి అనేవి తాళపత్రానికి శత్రువులు. ఆకుల నడుమ వేపాకు, వస కొమ్ము ఉంచడం ఇంటి వైద్యం వంటిది. అసలు రక్షణ మాత్రం ఒక్కటే, ఇంకొక ప్రతి వ్రాయించడం.

ప్రతులు ఎందుకు తక్కువ?

రాజుకు కృతి ఇచ్చిన కావ్యానికి రాజసభలో పఠనం జరుగుతుంది. వ్రాయసకాండ్రు ఉంటారు. సామంతులు, పండితులు తమకొక ప్రతి కావాలంటారు. కృతి ఇవ్వడమంటే నేటి భాషలో ప్రచురణతో సమానం. పోతన భాగవతాన్ని ఏ రాజుకూ ఇవ్వలేదు. చంద్రగ్రహణ వేళ గంగాతీరంలో శ్రీరాముడు కనిపించి భాగవతాన్ని తెనిగించమని చెప్పినట్లు అవతారికలో వ్రాసుకొని, గ్రంథాన్ని ఆయనకే అంకితం చేశాడు. ఈ నిర్ణయాన్ని పోతన భక్తికీ, ఆత్మగౌరవానికీ నిదర్శనంగా పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. అది నిజమే. దాని మూల్యం సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. రాజాశ్రయం లేని పుస్తకానికి ప్రతులు లేవు. పోతన జీవించి ఉన్నంత కాలం ఈ గ్రంథం బహుశా ఒకటి రెండు కట్టలుగానే ఉండి ఉంటుంది.

శిథిలమైన తీరుపై కథనాలు

ఎక్కువ ప్రచారంలో ఉన్నది రాచకొండ ప్రభువు సింగభూపాలుని కథ. భాగవతాన్ని తనకు అంకితం ఇమ్మని ఆయన అడుగగా పోతన నిరాకరించాడు. కోపించిన రాజు గ్రంథాన్ని నేలలో పూడ్పించాడు. తరువాత త్రవ్వి తీసేసరికి కొన్ని భాగాలు పాడైపోయినవి. ఇందులో చారిత్రకమైన చిక్కు ఉన్నది. రాచకొండ వెలమ వంశంలో సింగభూపాలుడనే పేరు గలవారు పలువురు. వారిలో సర్వజ్ఞ బిరుదాంకితుడై రసార్ణవ సుధాకరం వ్రాసిన రాజు పోతన కంటె ముందువాడని పలువురి అభిప్రాయం. పైగా భోగినీ దండకం పోతనదే అయితే, అందులో కీర్తింపబడినవాడు సింగభూపాలుడే. ఆ దండకం పోతనది కాదనే వారు కూడ ఉన్నారు.

రెండవ కథనంలో రాజు లేడు. గ్రంథాన్ని దేవతార్చనలో ఉంచి పూజించేవారనీ, విప్పి చూడకపోవడం వలన చెదలు పట్టినవనీ అది చెబుతుంది. మూడవ కథనం ఓరుగల్లు ప్రాంతంలో ఆనాడు జరిగిన యుద్ధాలను కారణంగా చూపుతుంది. ఈ మూడింటిలో దేనికీ గట్టి ఆధారం లేదు. అయితే రెండవది నమ్మదగినదిగా కనబడుతుంది. పుస్తకాన్ని పూజించి విప్పకపోవడం మన ఇళ్ళలో నేటికీ జరుగుతున్నదే. దసరాకు సరస్వతీ పూజలో పెట్టిన పుస్తకం మరుసటి దసరా వరకు కదలని ఇళ్ళు తక్కువ కావు.

పోయిన భాగాల వరుసను కూడ గమనించాలి. అయిదు, ఆరు ప్రక్క ప్రక్కన ఉన్నవి; పదకొండు, పన్నెండు చివరివి. గ్రంథమంతా ఒకే కట్ట అయితే నడుమ ఉన్నవి మాత్రమే పూర్తిగా పోయి, వాటికి అటూ ఇటూ ఉన్నవి నిలవడం కష్టం. స్కంధాలు వేర్వేరు కట్టలుగా ఉండి, వాటిలో రెండు మూడు కట్టలు పోయినవని అనుకుంటే పొసగుతుంది. ఇది ఊహ మాత్రమే. అసలు ఆ స్కంధాలను పోతన వ్రాయలేదనీ, శిష్యులకే వదిలాడనీ చెప్పే విమర్శకులు కూడ ఉన్నారు.

పూరించినవారు

ఏ భాగం ఎవరిదో మనకు ఎట్లా తెలిసినది? ఆశ్వాసం లేదా స్కంధం చివర కవి తన పేరు, తండ్రి పేరు చెప్పుకొనే గద్య ఉంటుంది. పోతన గద్యలలో కేసన పుత్రుడు, సహజ పాండిత్యుడు అనే మాటలు కనబడతాయి. గంగన, సింగన తమ తమ గద్యలలో తమ పేర్లే పెట్టుకొన్నారు. నారయ తాను పోతన ప్రియశిష్యుడనని చెప్పుకొన్నాడు. ఈ నిజాయితీని గుర్తించాలి. గురువు పేరే పెట్టి ఉంటే ఆనాడు అడిగేవారు ఎవరు? భారతంలో ఇందుకు భిన్నమైన పద్ధతి ఉన్నది. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆపిన భాగాన్ని ఎఱ్ఱన పూరించి, తన పేరు చాటుకొనక నన్నయ రచనగానే రాజరాజనరేంద్రునికి చెల్లించాడు. ఎఱ్ఱనది వినయం, నారయది జవాబుదారీతనం. చదువుకొనే వారికి ఉపకరించేది రెండవదే.

గంగన అయిదవ స్కంధం రెండు ఆశ్వాసాలు. ప్రియవ్రతుడు, ఋషభుడు, జడభరతుడు, భూగోళ ఖగోళ వర్ణన ఇందులో వస్తాయి. సింగన ఆరవ స్కంధంలో అజామిళుడు, వృత్రాసురుడు, చిత్రకేతువు కథలు ఉన్నవి. ఈ రెండు స్కంధాలూ తగినంత విస్తారంగానే నడుస్తాయి. పోతన ధోరణిని అందుకొనాలనే తాపత్రయం సింగనలో స్పష్టం.

పదకొండు, పన్నెండు స్కంధాల విషయం వేరు. సంస్కృతంలో పదకొండవ స్కంధానికి 31 అధ్యాయాలు. యాదవ కులనాశనం, అవధూత ఇరువది నలుగురు గురువుల వృత్తాంతం, శ్రీకృష్ణుడు ఉద్ధవునికి చేసిన సుదీర్ఘ బోధ ఇందులోనివే. పోతన దశమ స్కంధమే మూడు వేలకు పైగా గద్యపద్యాలు. నారయ రెండు స్కంధాలూ కలిపి రెండు వందలకు లోపే ముగిసినవి. ఉద్ధవగీత తెలుగులో చాలా వరకు సంగ్రహమైపోయినది. గజేంద్రుని మొరను, ప్రహ్లాదుని మాటను, రుక్మిణి సందేశాన్ని అట్లా చెప్పిన కవి శ్రీకృష్ణ నిర్యాణాన్ని ఎట్లా చెప్పి ఉండేవాడో తెలుగువారు ఎన్నటికీ చదవలేరు. ఈ లోటును నారయ మీద వేయడం న్యాయం కాదు. ఆయన లేకపోతే కథకు ముగింపే లేదు. షష్ఠ, ఏకాదశ, ద్వాదశ స్కంధాలను హరిభట్టు అనే కవి కూడ తెనిగించాడు. అవి వ్యాప్తిలోకి రాలేదు.

ఆగిన పద్యం

పోతన రచనను గురించి ఒక ఐతిహ్యం ప్రతి ఊరిలోనూ చెబుతారు. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించే పద్యం మొదలు పెట్టి, ముందుకు సాగక, గంటం క్రింద పెట్టి పోతన బయటకు వెళ్ళాడట. శ్రీరాముడే పోతన రూపంలో వచ్చి మిగిలిన పాదాలను పూర్తి చేసి వెళ్ళాడట. కథ నిజమా అనే ప్రశ్న ఇక్కడ అనవసరం. పద్యం సగంలో ఆగిపోవడం, దానిని అట్లాగే వదిలి కాసేపు నడిచి రావడం, తిరిగి వచ్చేసరికి మిగిలినది తోచడం వ్రాసేవారందరికీ అనుభవమే.

అభిమానంతో తిరిగి వ్రాయడం

ఇష్టమైన కథను తీసికొని తమ రీతిలో మళ్ళీ చెప్పడం ఈ నేలకు క్రొత్త కాదు. పాలకుర్తి సోమనాథుడు బసవని కథను, భక్తుల కథలను ద్విపదలో బసవపురాణంగా చెప్పాడు. భీమకవి దానిని 1369లో కన్నడంలోకి తీసికొని వెళ్ళాడు. పిడుపర్తి సోమన మళ్ళీ తెలుగులోనే పద్యప్రబంధంగా మార్చాడు. నేడు నవలల, సినిమాల పాత్రలతో అభిమానులు వ్రాసే కథలను అభిమాన రచనలు అంటున్నారు. వారికీ ప్రతిని కాపాడుకొనే సమస్య తప్పలేదు. ఇటువంటి రచనలకు ప్రసిద్ధమైన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే భాండాగారంలో ప్రకటించని చిత్తుప్రతి సుమారు నెల రోజులకు దానంతట అదే తొలగిపోతుంది. తమ దగ్గర వేరొక ప్రతి ఉంచుకొనని వారు చెదలు లేకుండానే శిథిలాన్ని చూస్తున్నారు.

ఆకూ కాగితమూ రెండూ లేనప్పుడు ఏమి చేయాలో మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య చూపాడు. 1940ల చివర నిజామాబాదు జైలులో ఉన్నప్పుడు, పళ్ళు తోముకొనడానికి ఇచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు వ్రాశాడు. జైలువారు చెరిపివేసేవారు. తోటి ఖైదీగా వట్టికోట ఆళ్వారుస్వామి ఉండేవాడు. గోడ మీద పోయిన పద్యం నోటిలో నిలిచినది. దాశరథి తొలి కవితా సంపుటి అగ్నిధార 1949లో వెలువడినది.

ప్రతుల సేకరణ

19వ శతాబ్దిలో సి.పి.బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన సేకరణలో ఎక్కువ భాగం చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నది. ప్రతులను పోల్చినప్పుడే పాఠభేదాలు, తరువాతివారు చేర్చిన ప్రక్షిప్తాలు బయటపడతాయి. 2003లో భారత ప్రభుత్వం వ్రాతప్రతుల కొరకు ఒక జాతీయ మిషన్‌ను ప్రారంభించినది. పల్లెలలో అటకల మీద నేటికీ తాళపత్రాల కట్టలు ఉన్నవి. అవి దొరికినవారు త్రాడు కోయకుండా, ఆకుల వరుస మార్చకుండా, తడిగుడ్డతో తుడవకుండా ముందుగా ఆకు ఆకుకూ ఫోటో తీసి, ఆ తరువాత దగ్గరలోని లిఖిత పుస్తక భాండాగారానికి తెలియజేయాలి.