గాలివాన నుండి మంచు దాకా: పోటీ కథలో వాతావరణం

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు ద్వితీయ బహుమతి లభించింది. ఆ బహుమతిని మనం తరచు స్మరించుకుంటాము గాని, ఆ కథకు అంత బలం ఎక్కడినుండి వచ్చిందన్న విచారణ అరుదు. కెనడానుండి పోటీలకు కథలు పంపే తెలుగువారికి ఆ విచారణ మరింత అవసరం. వారి కథలలోనూ వాతావరణానికి పెద్దపీట ఉంటుంది. అక్కడ గాలివాన, ఇక్కడ మంచు.

రావుగారు కట్టుదిట్టమైన నియమాల మధ్య జీవితాన్ని గడిపిన పెద్దమనిషి. రైలులో తారసపడిన బిచ్చగత్తె చొరవ ఆయనకు వెగటు. తుఫానులో ఇద్దరూ ఒక చిన్న స్టేషనులో చిక్కుకుంటారు. ఆమెను దగ్గరకు రానివ్వని మనిషి, ఆ రాత్రి భయంతో, చలితో ఆమెనే ఆశ్రయిస్తాడు. తెల్లవారేసరికి ఆమె చనిపోయి కనిపిస్తుంది; ఆయన పర్సు, టికెట్ల గదిలోని డబ్బు ఆమె దగ్గరే ఉంటాయి. ఆ డబ్బును ఆయన తిరిగి సొరుగులో పెట్టేస్తాడు. ఆయనలో వచ్చిన మార్పుకు ఆ ఒక్క పనే సాక్ష్యం. తుఫానును తొలగిస్తే ఈ కథ జరగదు.

ప్రవాస కథలలోని మంచుకు ఇదే పరీక్ష పెట్టవచ్చు. కిటికీ బయట మంచు కురుస్తుంటే, లోపల కాఫీ కప్పుతో ఒకరు అమ్మను తలచుకుంటూ ఉంటారు. ఆ మంచు స్థానంలో అనకాపల్లి వానను పెట్టినా కథ చెక్కుచెదరదు. అటువంటి మంచు గోడకు తగిలించిన క్యాలెండరు బొమ్మ మాత్రమే. గాలితో కలిపి చలి మైనస్ 30 డిగ్రీలకు దిగితే, కప్పుకోని చర్మం పది నుండి ముప్పై నిమిషాలలో గడ్డకట్టవచ్చు. విన్నిపెగ్‌లో ఒక జనవరి రాత్రి, దారితప్పిన అపరిచితుడు తలుపు తట్టాడనుకుందాం. కొత్తగా ఊరినుండి వచ్చిన అత్తగారు ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. ఎవరికీ తలుపు తీయవద్దని కొడుకు చెప్పి వెళ్ళాడు. ఇప్పుడు ఆ పది నిమిషాలే కథకు గడియారం.

రోగమూ ఇంతే. ఆలిస్ మన్రో ‘ద బేర్ కేమ్ ఓవర్ ద మౌంటెన్’లో జ్ఞాపకశక్తి సన్నగిల్లిన ఫియోనా సంరక్షణాలయంలో మరొక రోగికి చేరువవుతుంది. భర్త గ్రాంట్ ఆ బంధాన్ని భరించడమే గాక, దానిని నిలబెట్టే ప్రయత్నానికి పూనుకుంటాడు. వ్యాధి అక్కడ జాలి పుట్టించే సాధనం కాదు. భర్తను ఇరకాటంలో పెట్టే శక్తి. మన పోటీ కథలలో క్యాన్సర్ చాలా తరచుగా ముగింపు దొరకని రచయితకు అక్కరకు వచ్చే చుట్టం.

ఇక నిడివి. సీబీసీ కథల పోటీ ఆంగ్ల కథకు 2,500 మాటల పరిమితి విధించింది. మన్రో కథలలో చాలావరకు ఆ కొలతలో ఇమడవు. అంత చోటులో ఒక స్థలం, ఒక రాత్రి, ఇద్దరు మనుషులు సులభంగా ఇముడుతారు. తెలుగునుండి అనువదించి పంపేవారికి మరొక చిక్కు ఉన్నది. ‘రాలేకపోయానన్నది’ తెలుగులో ఒకే మాట. ఆంగ్లంలో ఐదారు మాటలు. తెలుగులో 2,500 మాటలకు సరిపోయిన కథ అనువాదంలో హద్దు దాటక తప్పదు. హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ ఉగాది పోటీ వంటి తెలుగు వేదికలకు వ్రాసేవారికి ఈ బెడద లేదు.

కోత సాధారణంగా మొదటి పేజీనుండే ఆరంభించవచ్చు. వీసా, విమానం, టొరాంటోలో దిగగానే తగిలిన చలిగాలి: ఇవన్నీ తీసివేసినా, తలుపు తట్టిన చప్పుడుతో కథ మొదలవుతుంది.