కోతికి ఏమీ కాలేదు, మనిషి ఐసీయూలో పడ్డాడు. ఎందుకు?

ఈరోజు ఒకటే ప్రశ్న. కోతికి ఏమీ చేయని మందు మనిషికీ ఏమీ చేయదని నమ్మొచ్చా?

చాలా మందులు పనిచేయాలంటే కణం మీదుండే రిసెప్టర్ అనే ప్రోటీన్‌కి వెళ్లి అతుక్కోవాలి. తాళంలో తాళంచెవి పడ్డట్టు అనుకోండి. అందుకే మనుషులకి ఇచ్చే ముందు ఒకటి చూస్తారు: జంతువు రిసెప్టర్‌కీ, మన రిసెప్టర్‌కీ మందు ఒకేలా అతుక్కుంటోందా?

టీజీఎన్1412 అనే యాంటీబాడీ ఈ పరీక్ష పాసైంది. అది టీ-సెల్స్ మీదుండే సీడీ28 రిసెప్టర్‌ని పట్టుకుని, ఆ కణాల్ని యాక్టివేట్ చేస్తుంది. సినోమోల్గస్ కోతిలో ఈ రిసెప్టర్ బయటి భాగం అచ్చం మనలాగే ఉంటుంది. పెద్ద డోసులిచ్చినా కోతులు తట్టుకున్నాయి.

2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ హాస్పిటల్ ఆవరణలో ఆరుగురు ఆరోగ్యవంతులకి ఈ మందు ఇచ్చారు. డోసు ఎంతో తెలుసా? కోతులకి సేఫ్ అని తేలిన దాంట్లో 500వ వంతు. ఒకరి తర్వాత ఒకరికి నిమిషాల తేడాతో ఎక్కించారు. గంటన్నరలోపే తలనొప్పి, ఒళ్లు నొప్పులు, జ్వరం మొదలయ్యాయి. ఒంట్లో సైటోకైన్లు ఒక్కసారిగా ఉప్పెనలా పెరిగాయి. ఆరుగురూ ఐసీయూకి వెళ్లారు. ప్రాణాలైతే దక్కాయి, కానీ ఒకతను కాలివేళ్లు, కొన్ని చేతివేళ్ల చివర్లు పోగొట్టుకున్నాడు.

తాళం ఒకటే, తాళంచెవి ఒకటే. మరి తేడా ఎక్కడ?

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చాను కాబట్టి నా భాషలో చెప్తా. టెస్ట్ సర్వర్‌లో, లైవ్ సర్వర్‌లో ఏపీఐ ఒకటే. కానీ ఆ కాల్ అందుకునే సర్వీస్ ఒకటి లైవ్‌లోనే ఉందనుకోండి. టెస్ట్‌లన్నీ పాసవుతాయి, లైవ్‌లో మాత్రం సిస్టమ్ కూలుతుంది.

2010లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించింది దాదాపు ఇదే. ఎఫెక్టర్ మెమరీ రకం సీడీ4 టీ-సెల్స్ మీద మనుషుల్లో సీడీ28 ఉంటుంది. ఆ కోతుల్లో అదే రకం కణాలు దాన్ని వదిలేసుకుంటాయి. అంటే తుఫాను పుట్టించే కణాలకి కోతిలో మందు అందనే లేదు.

ఇంకోటి, డోసు. తర్వాత లెక్కేస్తే, ఆ చిన్న డోసుకే సుమారు 90 శాతం రిసెప్టర్లు నిండిపోతాయని తేలింది. 500వ వంతు అన్నమాట వినడానికే చిన్నది.

అందుకే 2007లో యూరప్ రూల్స్ మారాయి. ఇలాంటి రిస్కున్న మందుల్లో, జంతువు ఎంత తట్టుకుంది అన్నదొక్కటే చూస్తే చాలదు. మనిషి కణాల మీద ప్రభావం ఎంత తక్కువ డోసులో మొదలవుతుందో చూసి, అక్కడ్నుంచి మొదలెట్టాలి. ఒకరికిచ్చి, ఆగి, గమనించి, తర్వాతే ఇంకొకరికి ఇవ్వాలి.

కాబట్టి ఈసారి "జంతువుల మీద సక్సెస్" అని వార్త కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ రిసెప్టర్ మనలో ఏ కణాల మీదుంది? అతుక్కున్నాక అక్కడ ఏం జరుగుతుంది?

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.