ఊరుమ్మడి చెవి

నెదర్లాండ్స్‌లోని డ్వింగెలో దగ్గర 25 మీటర్ల రేడియో టెలిస్కోప్ ఒకటుంది. 1956లో మొదలైనది. ఖగోళ పరిశోధనకు దాని అవసరం తీరిపోయాక హామ్‌లు, అంటే ఔత్సాహిక రేడియో వాళ్లు, దాన్ని చేరదీశారు. చంద్రుడి మీదికి సంకేతం పంపి, అది తగిలి వెనక్కొస్తే వినడం వాళ్ల సరదా. డిష్ ఒక్కటే, వినాలనుకునేవాళ్లు బోలెడు. అందరికీ ఒకేసారి ఎలా వినిపించాలి? ఆ చిక్కులోంచే 2007లో వెబ్‌ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్ ద్వారా చాలామంది ఒకేసారి వినగలిగే రిసీవర్) ఆలోచన పుట్టింది. రూపొందించింది ఎన్‌స్కెడేలోని ట్వెంటె విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్-త్యెర్క్ డి బూర్. 2008లో ఆ విశ్వవిద్యాలయం నుంచే షార్ట్‌వేవ్ రిసీవర్ ఇంటర్నెట్‌లో జనానికి అందింది.

మామూలు రేడియోకి ట్యూనింగ్ నాబ్ ఒక్కటే. ఒకరు తిప్పితే గదిలో అందరూ అదే వినాలి. ఇక్కడ తిప్పడానికేమీ లేదు. చిన్న ఏంటెన్నా మీద పడిన మొత్తాన్ని సెకనుకు కోట్లసార్లు కొలిచి అంకెలుగా మార్చేస్తారు. 2012 నాటి రూపంలో అది 0 నుంచి 29 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న సమస్తం. వీడియో గేముల కోసం పుట్టిన గ్రాఫిక్స్ కార్డు ఆ అంకెల రాశిలోంచి ఎవరికి కావలసిన ముక్కను వాళ్లకు లెక్కగట్టి తీసిస్తుంది. ట్యూనింగ్ అంటే ఇక్కడ కూడికలూ గుణకారాలే. అందుకే వందలమంది తలో స్టేషన్ వింటున్నా ఒకరికొకరు అడ్డురారు.

ఎల్‌ఈడీ బల్బులూ చార్జర్లూ రొద పెట్టే అపార్ట్‌మెంట్‌లో ఉండే హామ్‌కి ఇది వరమే. తగవు కూడా అక్కడే మొదలైంది. తన ఇంటి ట్రాన్స్‌మిటర్‌తో పిలిచి, జవాబు మాత్రం ఎన్‌స్కెడే చెవితో వింటే పోటీల్లో ఆ సంభాషణ అతని ఖాతాలో పడాలా? హామ్‌ల సీక్యూ వరల్డ్ వైడ్ పోటీ ఒప్పుకోదు. ట్రాన్స్‌మిటర్లూ రిసీవర్లూ 500 మీటర్ల వ్యాసమున్న వృత్తంలోనే ఉండాలంటుంది. ఆ స్టేషన్‌ని ఎక్కడో సోఫాలో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా నడిపితే మాత్రం దానికి అభ్యంతరం లేదు. మనిషి దూరంగా ఉండొచ్చు, నోరూ చెవీ మాత్రం ఒకేచోట ఉండాలి. నాకిది సబబే అనిపిస్తుంది. డబ్బుంటే పెద్ద యాంప్లిఫయర్ కొని గట్టిగా అరవొచ్చు. కానీ హామ్ పనితనమంతా రొదలోంచి సన్నటి సంకేతాన్ని ఏరుకోవడంలోనే ఉంది.

జనానికి ఈ గొడవ పట్టదు. బ్రౌజర్ ఉంటే చాలు, ఎవరైనా వినొచ్చు. కొందరు వచ్చేది 4625 కిలోహెర్ట్జ్ మీద ఏళ్ల తరబడి బుర్రుమంటున్న రష్యా ‘బజర్’ స్టేషన్ కోసం. 2022లో ఉక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక రష్యన్ సైనికులు దాపరికం లేకుండా రేడియోలో మాట్లాడుకోవడాన్ని ఔత్సాహికులు ఇలాంటి వెబ్ రిసీవర్లతో విని రికార్డు చేశారు. దాంతో హామ్ రేడియో అంటే గూఢచారి పని అనుకునేవాళ్లు ఉండొచ్చు. అలాంటివాళ్లు సాయంత్రంపూట 7 మెగాహెర్ట్జ్ దగ్గర కాసేపు ఆగితే, యూరప్ హామ్‌లు ఎంతో గంభీరంగా వాతావరణం గురించీ, పెరట్లో కట్టిన ఏంటెన్నా తీగ పొడవు గురించీ చెప్పుకోవడం వినిపిస్తుంది.