తోరణగల్లు పాఠం.. దోహా పరీక్ష

* చిన్న జట్టు బలాన్ని ర్యాంకుతోనే లెక్కించొద్దు
* శిబిరం ఎన్నాళ్లు జరిగిందో చూడాలి

బళ్లారి: 'మనోళ్లు ఏం ఆడతార్లే!' భారత ఫుట్‌బాల్ జట్టుకు పెద్ద మ్యాచ్ ఉందంటే చాలు.. టీ కొట్ల దగ్గర వినిపించే మాట ఇది. క్రికెట్‌కైతే ఈ మాట రాదు. ఫుట్‌బాల్ దగ్గరకొచ్చేసరికి రెఫరీ విజిల్ ఊదకముందే తీర్పు ఇచ్చేస్తాం. ర్యాంకు చూస్తాం, ఎదుటి జట్టు పేరు చూస్తాం, టీవీ కట్టేస్తాం. మరి ఓ చిన్న జట్టు బలాబలాలు తేల్చడానికి ర్యాంకు ఒక్కటే చాలా? ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. హొసపేటె రోడ్డులో తోరణగల్లు దాకా వెళ్తే చాలు.

మన ఎండలోనే చెమటోడ్చారు

తోరణగల్లు ఉక్కు కర్మాగారం పక్కనే విజయనగర్ టౌన్‌షిప్‌లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ఉంది. జేఎస్‌డబ్ల్యూ సంస్థ 2018 ఆగస్టులో దీన్ని ప్రారంభించింది. బల్లెం వీరుడు నీరజ్ చోప్రా సాధన చేసిన చోటిది. 2022లో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్ అర్హత పోటీలకు ముందు ఇక్కడికే వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో సుమారు రెండు వారాలు శిబిరం నడిచింది. ఆ నెలల్లో మన ఎండ ఎలా ఉంటుందో బళ్లారి వాళ్లకు వేరే చెప్పాలా!

అప్పటికి జట్టు పరిస్థితి ఏమంత బాగోలేదు. మార్చిలో బహ్రెయిన్ చేతిలో 1-2తో, బెలారస్ చేతిలో 0-3తో ఓడింది. బళ్లారి నుంచి కోల్‌కతా శిబిరానికి వెళ్లాక మే 28న దోహాలో జోర్డాన్ చేతిలోనూ 0-2తో ఓటమే. వరుసగా మూడు దెబ్బలు. 'ఇంకేం గెలుస్తార్లే' అన్నవాళ్లే ఎక్కువ.

జూన్‌లో కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో సీన్ మారిపోయింది. కంబోడియాపై 2-0. అఫ్గానిస్థాన్‌పై 2-1.. అదీ చివరి నిమిషాల్లో సునీల్ ఛెత్రీ, సహల్ అబ్దుల్ సమద్ కొట్టిన గోల్స్‌తో. హాంకాంగ్‌పై 4-0. మూడుకు మూడూ గెలిచి ఆసియా కప్‌కు చేరింది. వరుసగా రెండు ఆసియా కప్‌లకు అర్హత పొందడం మన జట్టుకు అదే మొదటిసారి.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మూడు జట్లూ ర్యాంకుల్లో మనకంటే కిందివే. అక్కడ మనం చిన్న జట్టేం కాదు. అసలు పరీక్ష తర్వాత వచ్చింది.

సగం మ్యాచ్ నిలబడ్డారు

2024 జనవరి 13. ఖతార్‌లోని అహ్మద్ బిన్ అలీ స్టేడియం. ఎదురుగా ఆస్ట్రేలియా. వాళ్ల ర్యాంకు 25, మనది 102. అయినా మొదటి సగంలో ఆస్ట్రేలియా ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. పైగా ఛెత్రీ తలతో కొట్టిన బంతి కొద్దిలో గురి తప్పింది. విరామానికి స్కోరు 0-0. రెండో సగంలో మాత్రం జట్టు తట్టుకోలేకపోయింది. 50వ నిమిషంలో ఇర్విన్, 73వ నిమిషంలో బాస్ గోల్ చేశారు. తర్వాత ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. మూడు మ్యాచ్‌లు.. ఒక్క గోల్ కూడా లేకుండా ఇంటికి.

లెక్క ఎక్కడ తప్పింది?

తోరణగల్లులో మొదలైన 2022 సన్నాహం అర్హత పోటీల దాకా దాదాపు నెలన్నర సాగింది. ఖతార్‌కు ముందు దొరికింది రెండు వారాలే. డిసెంబరు చివరి దాకా దేశవాళీ లీగ్ నడిచింది. క్లబ్బుల మ్యాచ్‌లు ముగించుకుని ఆటగాళ్లు నేరుగా దోహా విమానం ఎక్కారు. కోచ్ ఇగోర్ స్టిమాచ్ ఎక్కువ రోజులు కావాలని ముందు నుంచీ అడుగుతూనే ఉన్నారు. దీనికి గాయాలు తోడయ్యాయి. అన్వర్ అలీ, జీక్సన్ సింగ్, ఆషిక్ కురునియన్ ముగ్గురూ దూరమయ్యారు. పెద్ద జట్టుకు ముగ్గురు పోతే మరో ముగ్గురు ఉంటారు. చిన్న జట్టుకు ఆ వెసులుబాటు ఏదీ?

శిబిరం ఉంటే ఆస్ట్రేలియాను ఓడించేసేవాళ్లమని కాదు. 45 నిమిషాలు నిలబడిన జట్టు 70 నిమిషాలు నిలబడేదేమో. చిన్న జట్టుకు ఆ తేడానే పెద్ద తేడా.

అమ్మాయిలు చేసి చూపించారు

నమ్మకం కుదరకపోతే 2025 జులై 5 నాటి మ్యాచ్ చూడండి. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో భారత మహిళలు థాయ్‌లాండ్‌తో తలపడ్డారు. వాళ్ల ర్యాంకు 46, మనది 70. సొంత గడ్డ కూడా వాళ్లదే. అయినా సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్‌తో మనవాళ్లు 2-1తో గెలిచారు. 2026లో ఆస్ట్రేలియాలో జరిగే ఆసియా కప్‌కు టికెట్ సంపాదించారు. అర్హత పోటీలు ఆడి మహిళల జట్టు ఆసియా కప్‌కు చేరడం అదే తొలిసారి. మన తెలుగమ్మాయి, నిజామాబాద్‌కు చెందిన సౌమ్య గుగులోతు కూడా ఆ జట్టులో సభ్యురాలే. ఆ పోటీలకు ముందు ఈ జట్టు బెంగళూరులో నెలకు పైగా ఒకేచోట ఉండి సాధన చేసింది.

పాతకాలంలోనూ ఇంతే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా చేతిలో మొదటి మ్యాచ్ 0-2తో ఓడిన భారత్, సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. కోచ్ హైదరాబాద్ రహీం సాబ్. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించారు. ఫైనల్లో ఓ గోల్ కొట్టింది ఆ జర్నైలే. తన పిల్లల గురించి నాడి పట్టినట్టు తెలిసిన కోచ్‌కే అలాంటి తెగింపు వస్తుంది.

మ్యాచ్‌కు ముందు ఇవి చూడండి

* జట్టు ఒకేచోట ఎన్ని రోజులు కలిసి ఆడింది?
* గాయాలతో ఎవరు దూరమయ్యారు? వాళ్ల స్థానంలో ఎవరున్నారు?
* పెద్ద జట్లపై ఎన్ని నిమిషాలు గోల్ ఇవ్వకుండా నిలబడింది?
* గోల్ కొట్టేవాడు ఒక్కడేనా.. ఇంకెవరైనా ఉన్నారా?

ర్యాంకు చివర్లో చూడొచ్చు. అదీ నిలకడ లేనిదే. 2023 జులైలో 99కి ఎగబాకిన పురుషుల జట్టు 2025 నవంబరులో 142కు జారింది. 2027 ఆసియా కప్‌కు అర్హతే పొందలేకపోయింది. గోవాలో సింగపూర్ చేతిలో, ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో ఓటములు ఇంకా మానని గాయాలే.

తోరణగల్లులో మైదానం ఉంది. సరిహద్దు దాటితే అనంతపురంలో ఆర్డీటీ మైదానాలున్నాయి. రెండుచోట్లా పిల్లలు బూట్లు కట్టుకుని దిగుతూనే ఉన్నారు. 'మనోళ్లు ఏం ఆడతార్లే' అనే మాట వాళ్ల చెవిన కూడా పడుతుంది. ఈసారి మ్యాచ్ ఉన్న రోజు టీ కొట్టు దగ్గర ఆ మాట వస్తే, 'శిబిరం ఎన్ని రోజులు జరిగింది?' అని ఎదురు ప్రశ్న వేసి చూడండి.