కుట్టింది చేతిమీద, పట్టింది పాదాన్ని

"తాతయ్యా, దోమ కుట్టింది చేతిమీద కదా, నొప్పి పాదంలో ఎందుకొచ్చింది?" అని అడిగింది మా మనవరాలు. పక్కింటావిడ చికున్‌గున్యాతో పడుకుంటే పలకరించి వస్తున్నాం. జ్వరమైతే దిగింది గానీ ఆవిడ పొద్దున్నే గోడ పట్టుకోకుండా అడుగు వేయలేకపోతోంది. చీలమండలు ఉబ్బిపోయాయి. చెప్పు ఉంగరంలో బొటనవేలు దూరదు. పంపు తిప్పాలన్నా ఇంకొకరు రావాల్సిందే.

ప్రశ్న బాగుందమ్మలూ, కూర్చో, చెబుతా.

వైరస్ దోమ కుట్టినచోటే కూర్చోదు. చర్మంలో కాస్త పెరిగి, రక్తంలో పడి ఒళ్లంతా తిరుగుతుంది. మూడు నుంచి ఏడు రోజుల్లో జ్వరం ఉన్నట్టుండి 102, 103 డిగ్రీలకు ఎగబాకుతుంది. అలాగని తిరిగినచోటల్లా దిగిపోలేదు. కణం మీద దానికి పట్టు దొరకాలి. ఆ పట్టునిచ్చే ప్రోటీన్ ఒకదాన్ని 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. దాని పేరు ఎమ్‌ఎక్స్‌ఆర్‌ఎ8. పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, నేనూ కాగితం చూసే చెబుతున్నా. అది ఎక్కువగా ఉండేది కీళ్లలో, కండరాల్లో, చర్మంలో ఉండే కణాల మీద. నీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

మిగతా సగం కీలు లోపల ఉంది. ఎముకల కొసలకు నున్నటి మృదులాస్థి, చుట్టూ ఒక సన్నటి పొర. ఆ పొర జిగురు ద్రవాన్ని ఊరిస్తుంటేనే నువ్వు తొక్కుడుబిళ్ల ఆడగలుగుతున్నావు. వైరస్ ఆ పొరలో దిగితే ఒంట్లోని రక్షణ కణాలు ఎగబడి వస్తాయి. రక్తనాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరి కీలు వాస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు పుట్టి నరాల కొసల్ని ఎంత సున్నితం చేస్తాయంటే, దుప్పటి తగిలినా అబ్బా అనిపిస్తుంది. ఇవే మెదడులో పుడితే జ్వరం పెరుగుతుంది. ఆస్పిరిన్ ఈ రసాయనాల తయారీనే ఆపుతుందని జాన్ వేన్ అనే ఆయన 1971లో చూపించాడు, 1982లో నోబెల్ అందుకున్నాడు. ఒకే మాత్రకు జ్వరమూ నొప్పీ రెండూ తగ్గడంలో మర్మం అది.

కాబట్టి చాలావరకు ఆ నొప్పి మన ఒంటి పనే. రక్తంలో వైరస్ ఇంచుమించు వారంలో కనుమరుగవుతుంది, ఒళ్లు మాత్రం అంత తొందరగా చల్లబడదు. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అని ఫ్రాన్సు వాళ్ల దీవి ఉంది. 2005–06లో అక్కడి జనంలో మూడోవంతు మందికి ఈ జ్వరం వచ్చింది. ఒక రోగి కీలు పొరను 18 నెలల తర్వాత పరీక్షిస్తే కూడా అందులో వైరస్ ఆనవాళ్లు కనిపించాయి. "జ్వరం పోయింది కదా, ఇంకా మూలుగుతావేం" అని కోడళ్లనూ అత్తలనూ దెప్పేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి.

సరే, పాదమే ఎందుకు? మణికట్టు, వేళ్లూ తప్పించుకోవు. కానీ ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు. ఒంట్లోని 206 ఎముకల్లో పావువంతు రెండు పాదాల్లోనే ఉన్నాయి. పైగా మన బరువంతా మోసేవి అవే, వాపు నీరు దిగేదీ అక్కడికే. చీలమండ చుట్టూ ఉండే స్నాయువుల తొడుగులు కూడా వాస్తాయి. ఇక పొద్దున్నే బిగుసుకుపోవడం ఎందుకంటే, రాత్రంతా కదలిక లేక కీళ్లలో నీరు చేరుతుంది. దానికి తోడు వాపును అదుపులో పెట్టే కార్టిసాల్ హార్మోను నడిరేయి బాగా తక్కువగా ఉంటుంది. వానాకాలం ఉబ్బిన తలుపు మొదట మొరాయించి, నాలుగుసార్లు తీసి వేస్తే కాస్త వదులైనట్టు, నాలుగడుగులు వేశాక కాళ్లూ కాస్త మాట వింటాయి. అందుకే మంచం దిగకముందే పాదాలు మెల్లగా పైకీ కిందికీ ఆడించమని పక్కింటావిడకు చెప్పి వచ్చాను.

ఈ వైరస్ మనకు కొత్తదేం కాదు. 1963లో కలకత్తా, తర్వాత మద్రాసు, 1965 నాటికి విశాఖ, రాజమండ్రి, కాకినాడ. 1973లో మహారాష్ట్రలోని బార్షీలో ఒకసారి తలెత్తి, మళ్లీ ముప్పై ఏళ్లకు పైగా పెద్దగా జాడ లేదు. ఒకసారి వస్తే రక్షణ చాలాకాలం నిలుస్తుంది గానీ, ఆ మధ్యలో పుట్టినవాళ్లకు అది లేదు. 2005 చివర వచ్చిపడింది. 2006లో రాయలసీమ పల్లెల్లో ఇంటిల్లిపాదీ వంగి నడిచిన రోజులవి. దేశం మొత్తం మీద ప్రభుత్వ లెక్కలోనే 13 లక్షల పైచిలుకు అనుమానిత కేసులు. పేరులో 'చికెన్' వినిపించి కొందరు కోడికూర మానేశారు. పాపం కోడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నీళ్లు పట్టి దాచుకోక తప్పని ఊళ్లలో గాబులూ డ్రమ్ములే ఈ వైరస్‌ను మోసే ఏడిస్ దోమకు పురిటిగది. నీళ్లు పారబోసి ఊరుకుంటే చాలదు. గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు నల్లని చుక్కల్లా అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. అంచులు రుద్ది కడగాలి.

మందుల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. డెంగీని మోసేదీ ఈ దోమే. డెంగీలో ఒళ్లునొప్పులు, కళ్ల వెనక నొప్పి ఎక్కువ, కీళ్లు వాయడం అరుదు. మొదటి రోజుల్లో విడదీసి చెప్పడం డాక్టరుకే కష్టం. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోకూడదు, రక్తస్రావం ముప్పు ఉంటుంది. పారాసిటమాల్ ఒక్కటే దిక్కు. అదీ పెద్దవాళ్లు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, కాలేయం బాగోలేనివాళ్లు ఇంకా తక్కువే. ఒక్క సూదితో గంటలో లేచి తిరిగితే సంబరపడక, అందులో స్టెరాయిడ్ ఉందేమో అడగాలి.

ఒళ్లునొప్పులున్న జ్వరమల్లా చికున్‌గున్యా కాదు. మామూలు ఫ్లూలో కండరాలు లాగుతాయి గానీ కీళ్లు వాయవు. చిన్నపిల్లలు కొందరు ఫ్లూ తగ్గుతుండగా పిక్కలు నొప్పని మునివేళ్ల మీద నడుస్తారు. చాలామందికి నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. మూత్రం కాఫీరంగులో వస్తే మాత్రం ఆగకూడదు.

చికున్‌గున్యా నొప్పి చాలామందికి వారాల్లో తగ్గుతుంది. నలభై అయిదు దాటినవాళ్లకూ, ముందే కీళ్లజబ్బు ఉన్నవాళ్లకూ నెలలు పట్టవచ్చు. మూడు నెలలు దాటినా వాపు దిగకపోతే కీళ్లవాతం డాక్టరుకు చూపించాలి. జ్వరంతో ఒక్క కీలే ఎర్రబడి కాలిపోతుంటే దాన్ని దోమ మీదికి నెట్టకూడదు. కీలులో చీము పట్టిందేమో, ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి.