పసుపు ఎవరి సొత్తు?

పరిశోధక విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తెలుసుకొనవలసిన పేటెంటు, కాపీరైటు సంగతులు

గత మాసంలో ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చినది. నాడి చూపించుకొనుటకు కాదు, సలహా కొరకు. అమ్మాయి స్నాతకోత్తర విద్యార్థిని. పసుపు సారంతో పుండుపై అతికించదగిన ఒక పలుచని పొరను తయారుచేసి పరిశోధన సాగించుచున్నది.

"అయ్యా, దెబ్బ తగిలితే మా అత్తగారు పసుపే అద్దేవారు. ఆ మందుకు మా అమ్మాయి పేటెంటు తెచ్చుకోవచ్చునా? ఊరుకుంటే మరెవరైనా తీసుకొనిపోతారేమో!" అని ఆ తల్లి సందేహం. ఇది ఆమె ఒక్కరి సందేహం కాదు గనుక వివరముగా వ్రాయుచున్నాను.

ఇంటివైద్యం అందరిదీ

పేటెంటు అనగా క్రొత్తగా కనుగొన్న వస్తువును గాని, విధానాన్ని గాని ఇతరులు అనుమతి లేక తయారుచేయకుండ, అమ్మకుండ నిరోధించే హక్కు. దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాలు ఉండును. క్రొత్తదనం లేనిచో ఆ హక్కు లేదు.

1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి, గాయాలు మాన్పుటకు పసుపును వాడే పద్ధతిపై పేటెంటు లభించినది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) 1996లో దానిని సవాలు చేసినది. ప్రాచీన సంస్కృత గ్రంథము, 1953లో భారత వైద్య సంఘ పత్రికలో వెలువడిన వ్యాసము మొదలగు 32 ఆధారాలను సమర్పించినది. 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఆనాటి అమెరికా చట్టం పరదేశాలలోని నోటివాడుకను లెక్కించేది కాదు. వ్రాతలో ఉన్న ఆధారమే మనలను గెలిపించినది.

మన దేశంలోనైతే సంప్రదాయ జ్ఞానంపై పేటెంటు చెల్లదని 2002 నాటి పేటెంటు చట్ట సవరణ స్పష్టముగా చెప్పుచున్నది. కనుక అత్తగారి పసుపును అమ్మాయి కూడ సొంతం చేసుకొనరాదు.

క్రొత్తదనమే విద్యార్థి సొత్తు

పసుపు గాయాన్ని మాన్పుననుట పాత సంగతి. కాని పుండును అంటిపెట్టుకొని మందును కొద్దికొద్దిగా విడిచే ఆ పొర నిజముగా క్రొత్తదై, ఆ రంగంలోని నిపుణులకు సులభంగా తట్టనిదైతే పేటెంటుకు అర్హత ఉండవచ్చును. రెండు మూడు చూర్ణాలను కలిపినంత మాత్రాన చాలదు. విడివిడి గుణాలను మించిన ఫలం ఆ కలయిక వలన కనబడవలెను.

ముందు దరఖాస్తు, తరువాత ప్రకటన

"దీనిని ఎక్కడనైనా ప్రకటించితివా అమ్మా?" అని అడిగితిని. "ఎనిమిది నెలల క్రితం ఒక వైద్య విద్వత్సంఘం సదస్సులో పత్రం చదివానండీ" అన్నది. దానికి బహుమతి కూడ వచ్చినదట!

చిక్కు ఇక్కడనే ఉన్నది. లోకానికి వెల్లడించిన విషయం ఇక క్రొత్తది కాదు. విద్వత్సంఘం ఎదుట చదివిన పత్రానికి మన చట్టం 12 నెలల వెసులుబాటు ఇచ్చుచున్నది గాని, ఐరోపా దేశాలలో సాధారణంగా అదియును లేదు. అమ్మాయికి మిగిలినవి నాలుగు నెలలే. ఆ వారమే తన గైడును, పేటెంటు నిపుణుని కలిసికొమ్మని పంపితిని. గ్రంథాలయంలో గాని, శోధగంగలో గాని అందరికీ అందుబాటులో ఉంచిన సిద్ధాంతగ్రంథం కూడ ప్రకటనయే అని మరువరాదు.

కాపీరైటు వేరు

సిద్ధాంతగ్రంథంలోని వాక్యాలు, చిత్రాలు వ్రాసిన క్షణం నుండియే రచయితవి. నమోదు చేయించకున్నను ఆ హక్కు ఉండును. రచయిత జీవితకాలము, ఆపైన 60 సంవత్సరాలు చెల్లును. వేరే ఒప్పందం లేనిచో సాధారణంగా విద్యార్థియే హక్కుదారు. అయితే కాపీరైటు మాటలను కాపాడునే గాని, వాటిలోని ఆలోచనను కాపాడదు. థీసిస్ వ్రాసితిని గనుక మందు నాదే అనుకొనుట పొరపాటు.

ఆచరించవలసినవి

1. ప్రయోగాల పుస్తకం తేదీలతో వ్రాసి, గైడుచే సంతకం చేయించవలెను.

2. పత్రం ప్రకటించుటకు ముందే తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేయవచ్చును. 12 నెలలలోగా పూర్తి వివరణ సమర్పించవలెను.

3. పేటెంటు ఎవరి పేర రావలెనో కళాశాల నియమాలలో, ఉపకార వేతనపు ఒప్పందంలో చదివిన తరువాతనే సంతకం చేయవలెను.

4. మూలిక ఎక్కడ లభించినదో దరఖాస్తులో తెలుపవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్ట నిబంధనలను కూడ విచారించవలెను.

మా గురుకులంలో ఏ యోగమైనను ఎవరి వద్ద నేర్చినదో చెప్పిన తరువాతనే కల్వంలో మందు నూరనిచ్చేవారు. అమ్మాయికి చివరగా ఆ మాటే చెప్పితిని: "పొర నీదని దరఖాస్తులో వ్రాయుము. పసుపు సంగతి నాయనమ్మ వద్ద నేర్చితినని థీసిస్ మొదటి పుటలోనే వ్రాయుము."